ముహూర్తం నడుస్తుండగా కెమెరా స్క్రీన్ ఎందుకు చూడకూడదు

పెళ్ళి ఫొటోగ్రాఫర్లలో బాగా స్థిరపడిపోయిన ఒక అలవాటు గురించి వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. షట్టర్ నొక్కిన ప్రతిసారీ తల వంచి, కెమెరా వెనుక ఉన్న స్క్రీన్‌లో ఆ ఫొటో ఎలా వచ్చిందో చూసుకోవడం ఆ అలవాటు. చాలామంది చూసి ఊరుకోరు. జూమ్ చేసి ఫోకస్ కళ్ళ మీద పడిందో లేదో చూస్తారు, వెనక్కి వెళ్ళి ఇంతకుముందు తీసిన దానితో పోల్చుకుంటారు, బాగుందనిపిస్తే పక్కనున్న అసిస్టెంటుకు చూపిస్తారు. ఇదంతా వేదిక మీద పెళ్ళి జరుగుతుండగానే జరిగిపోతుంది. నేను చెప్పదలచుకున్నది ఇంతే: స్క్రీన్ వెలుతురును సరిచూసుకోవడానికి ఉంది. జరిగిపోయిన క్షణాన్ని సరిచూసుకోవడానికి అది పనికిరాదు, ఎందుకంటే ఆ క్షణాన్ని దిద్దే అవకాశం ఫొటోగ్రాఫర్‌కు గానీ పురోహితుడికి గానీ లేదు.

జీలకర్ర బెల్లం పెట్టే ఘట్టాన్నే తీసుకుందాం. వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకుని ఇద్దరు నిలబడి ఉంటారు. పురోహితుడు గడియారం చూసి సైగ చేయగానే గట్టిమేళం మొదలవుతుంది. ఇద్దరూ ఒకరి నడినెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం ముద్దను అదిమి పెడతారు, అడ్డుతెర తొలగుతుంది. ఆ తరువాతి నాలుగైదు సెకన్లలో ఆ వేదిక మీద జరిగేదాన్ని నిదానంగా గమనించినవాళ్ళకు తెలుస్తుంది, అందులో ఎంత ఉందో. పెళ్ళికూతురు కళ్ళెత్తి ఒక్కసారి చూసి దించేసుకుంటుంది. పెళ్ళికొడుకు నవ్వబోయి, చుట్టూ ఇంతమంది ఉన్నారని గుర్తొచ్చి పెదవి బిగిస్తాడు. వెనుక నిలబడ్డ తండ్రి కండువా అంచుతో కళ్ళు ఒత్తుకుంటాడు. వెనుక వరుసలోని పిన్నిగారు గట్టిగా విసిరిన అక్షతలు పెళ్ళికూతురి బుగ్గకు తగిలి, అప్పటిదాకా బిగపట్టిన ముఖం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఫొటోగ్రాఫర్ తెర తొలగిన ఫ్రేము తీసి, అది వచ్చిందో లేదో చూడటానికి తల దించాడనుకోండి, వీటిలో ఒక్కటీ అతనికి దక్కదు. అతని చేతిలో ఉండేది అందరి ఆల్బమ్‌లలోనూ ఉండే ఫొటో: నెత్తిన చేతులు, పక్కకు జరిగిన తెర, కెమెరా కోసం నిలిపిన చూపు. ఈ పనిలో నేను చూసినంతలో, ఆ ఇంటివాళ్ళు పదేళ్ళ తరువాత కూడా తీసి చూపించే ఫొటో ఎక్కువగా దాని వెనకాలే వచ్చిన రెండో ఫ్రేమో మూడో ఫ్రేమో అయి ఉంటుంది.

స్క్రీన్ మీద నాకు ద్వేషం లేదని ముందే చెప్పాలి. ఫిల్మ్ రోజులను తలచుకుని నిట్టూర్చే అలవాటు కూడా నాకు లేదు. 35 మిల్లీమీటర్ల రీలుకు 36 ఫ్రేములు, రెండు లెన్సుల కెమెరాలో వేసే 120 రోలుకు 12 ఫ్రేములు ఉన్న కాలంలో పెళ్ళి తీయడమంటే భయంతో కూడిన పని. రీలు అంచు స్పూలుకు సరిగ్గా చిక్కకపోతే ఫిల్మ్ కదలదు, షట్టర్ మాత్రం మామూలుగానే మోగుతుంది. పెళ్ళంతా తీశామనుకున్న రీలు లాబ్‌లో ఖాళీగా బయటపడుతుంది. లీవరు తిప్పినప్పుడల్లా ఎడమవైపున ఉన్న రివైండ్ నాబ్ కూడా తిరుగుతోందా అని గమనించడం ఒక్కటే అప్పట్లో ఉన్న ఆధారం. ఫ్లాష్‌తో తీసేటప్పుడు ఆ కాలపు చాలా కెమెరాలలో షట్టర్ వేగం 1/60 సెకను దాటకూడదు. పొరపాటున 1/125 మీదికి పోతే ఫ్రేములో కొంత భాగం నల్లగా పోయేది, ఆ నలుపు ఎవరి ముఖం మీద పడిందో రీలు కడిగేదాకా తెలిసేది కాదు. స్టూడియోల్లో కాస్త డబ్బున్నవాళ్ళు పోలరాయిడ్ బ్యాక్ తగిలించి, లైట్లు ఎలా పడుతున్నాయో ఒక ఇన్‌స్టంట్ ప్రింటులో చూసుకుని, ఆ తరువాతే అసలు ఫిల్మ్ మీద తీసేవారు. కల్యాణ మండపాలకు ఆ సౌకర్యం రాలేదు.

ఆ భయం పోవడానికి కారణం ఈ స్క్రీనే. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ కట్టిన తొలి డిజిటల్ కెమెరా ఒక్క చిత్రాన్ని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించుకోవడానికి 23 సెకన్లు తీసుకునేది, దాన్ని చూడాలంటే టీవీ కావలసి వచ్చేది. తీసిన చోటే, తీసిన కెమెరాలోనే చూసుకునే వీలు మామూలు జనానికి 1995లో కాసియో క్యూవీ-10తో దొరికింది. దాని స్క్రీన్ 1.8 అంగుళాలు, చిత్రం 320 పిక్సెళ్ళ వెడల్పు, 240 పిక్సెళ్ళ ఎత్తు. 1999లో నికాన్ డీ1 వచ్చాక పత్రికల ఫొటోగ్రాఫర్లు డిజిటల్ వైపు వేగంగా మళ్ళారు. ఆ తరువాత కొన్నేళ్ళకే మన ఊళ్ళ స్టూడియోల్లోనూ రీళ్ళ అరలు ఖాళీ అయ్యాయి.

తీసిన వెంటనే చూసుకోవడం డిజిటల్‌తోనే పుట్టిందని అనుకోవడం మాత్రం సరికాదు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతిలో గాజు పలకకు మందు పూసి, అది ఆరకముందే తీసి, ఆరకముందే కడగాలి. అందుకే ఆనాటి ఫొటోగ్రాఫర్లు చీకటి డేరా వెంటబెట్టుకుని తిరిగేవారు, నెగెటివ్‌ను నిమిషాలలోనే కళ్ళారా చూసేవారు. బాగా రాకపోతే మళ్ళీ తీసేవారు, ఎందుకంటే వారి ఎదుట ఉన్నది కోట గోడో, గుడి గోపురమో, కదలకుండా కూర్చున్న సంస్థానాధీశుడో. ఆరో నిజాం కొలువులో పనిచేసి, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ భవనాల చిత్రాలను చూస్తే, తొందర లేని పనిలో అంత నిక్కచ్చితనం ఎలా సాధ్యమో అర్థమవుతుంది. కట్టడం రేపు కూడా అక్కడే ఉంటుంది, అదే వెలుతురు కోసం రేపు ఉదయం మళ్ళీ రావచ్చు. తడి పలక కాలం నుంచి నేటి దాకా ఈ తేడా మారలేదు: ఎదుట ఉన్నది నిలిచి ఉండేదైతే చూసుకోవడంలో లాభం ఉంది, గడిచిపోయేదైతే నష్టమే ఉంది.

గ్రూప్ ఫొటో తీసేటప్పుడు నేను నిర్మొహమాటంగా స్క్రీన్ చూస్తాను, చూడాలి కూడా. ఇరవైమంది నిలబడ్డ చోట ఎవరో ఒకరు కన్నుమూస్తారు, ఎవరి తలో ముందువాళ్ళ కొప్పు చాటున పడుతుంది. ఒక్కసారి జూమ్ చేసి ముఖాలన్నీ చూసుకుని, "ఇంకొక్కటి అండీ" అంటే పని అయిపోతుంది. మూడుముళ్ళ దగ్గర అదే మాట అనే హక్కు మనకు ఉందా? "బాబూ, ఆ ముడి మళ్ళీ ఒకసారి వేసినట్టు పట్టుకో" అని ఫొటోగ్రాఫర్ అరవడం, పురోహితుడు మంత్రం ఆపి ఎదురుచూడటం, పెళ్ళికొడుకు చేయి గాలిలో ఉంచి కెమెరా వైపు తిరగడం ఇప్పుడు ఎవరికీ వింతగా అనిపించడం లేదు. ఈ దౌర్జన్యానికి స్క్రీన్ చూసే అలవాటే మూలమని నా గట్టి నమ్మకం. తీసింది వెంటనే కనిపిస్తుంది, కనిపించగానే లోపం తెలుస్తుంది, లోపం తెలిసినవాడు ఊరుకోలేడు. అసలు ముడి పడుతున్నప్పుడు ఆ అమ్మాయి మెడ వంచి కళ్ళు మూసుకున్న తీరు ఒక్కసారే వస్తుంది. రెండోసారి పట్టుకున్నది ఆ ముడికి నకలు.

అయితే స్క్రీన్ ఎప్పుడు చూడాలి? ముహూర్తానికి ముందు, తీరిగ్గా, ఎంతసేపైనా. ఇక్కడ దానికి సాటి వచ్చే పనిముట్టు లేదని ఒప్పుకుంటాను. ఈ రోజుల్లో మండపాల్లో ఉండే వెలుతురు చాలా మోసకారి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం ఎల్‌ఈడీ లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి అది తెలియదు, షట్టర్ వేగం పెంచినా ఎలక్ట్రానిక్ షట్టర్ వాడినా ఫొటోలో అడ్డచారలుగా బయటపడుతుంది. వేదిక వెనుక ఎల్‌ఈడీ గోడ పెట్టినచోట ఈ బాధ ఇంకా ఎక్కువ. ఖాళీ వేదికను రెండు మూడు వేగాలతో తీసి, స్క్రీన్‌లో పెద్దది చేసి చూస్తే ఏ వేగంలో చారలు పోతున్నాయో తేలిపోతుంది. చాలాసార్లు 1/100 దగ్గర నిలిస్తే సరిపోతుంది.

తరువాతి పరీక్ష మధుపర్కాలది. తెల్లని నూలుబట్ట, ఎర్రంచు, దాని మీదికి వీడియోవాళ్ళ లైటు నేరుగా పడుతుంది. ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి చేరే వెలుతురు మోతాదు) కాస్త ఎక్కువైతే బట్టలోని నేత, మడతలు మాయమై తెల్లటి మచ్చ మిగులుతుంది. వధూవరులు వేదిక మీదికి రాకముందే అసిస్టెంటు భుజాన తెల్లతువాలు వేసి పీటల దగ్గర నిలబెట్టి ఒక ఫ్రేము తీసి చూడాలి. వెలుగు మితిమీరిన చోట మిణుకుమనే హెచ్చరిక చాలా కెమెరాలలో ఉంటుంది. తువాలు మీద అది మిణుకుమంటే ఎక్స్‌పోజర్ తగ్గించాలి. ఎర్ర పట్టుచీరది మరో రకం చిక్కు. మామూలు హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్, అంతా బాగుందనే చెబుతుంది, ఎరుపు ఒక్కటే అంచు దాటిపోయి ఉంటుంది; చీర మీది బుటా, జరీ గీత ఒకే ఎర్రని ముద్దలో కలిసిపోతాయి. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా పెట్టుకుంటేనే అది పట్టుబడుతుంది. ఇవన్నీ ముహూర్తానికి ముందే తేలిపోతే, మండపంలో లైట్లు మార్చనంతసేపు మళ్ళీ చూడవలసిన అవసరం రాదు. ఘట్టానికీ ఘట్టానికీ మధ్య, పురోహితుడు సామగ్రి సర్దుకుంటున్నప్పుడు ఒక్క చూపు చూస్తే చాలు.

మధ్యలో చూసేవాళ్ళకు ఆ స్క్రీన్ చెప్పేది కూడా పూర్తి నిజం కాదు. రా ఫైలు (సెన్సర్ పట్టినదంతా కుదించకుండా దాచే ఫైలు) తీస్తున్నా స్క్రీన్ మీద కనిపించేది అందులో ఇమిడ్చిన జేపెగ్ చిత్రమే, హిస్టోగ్రామ్ లెక్క కూడా దానిదే. అసలు ఫైలులో ఇంకా మిగిలి ఉన్న వివరాన్ని అది పోయిందని చూపించగలదు. చీకటి మండపంలో స్క్రీన్ కాంతి కంటికి ఎక్కువగా తోచి, తక్కువ ఎక్స్‌పోజర్ అయిన ఫొటో కూడా నిండుగా కనిపిస్తుంది. ఎండలో ఇంటి ముందు స్నాతకం తీస్తే అదే స్క్రీన్ అన్నిటినీ చీకటిగా చూపించి, లేని లోపాన్ని దిద్దమంటుంది. మూడంగుళాల మీద ప్రతి ఫొటో పదునుగానే ఉంటుంది. కదిలిందో లేదో తెలియాలంటే పూర్తిగా పెద్దది చేయాలి, అంటే మరో నాలుగు సెకన్లు తల వంచి ఉండాలి. ఇంత వెచ్చించి పొందేది అరకొర భరోసా.

ఎదుటివారి వైపు నుంచి ఆలోచిస్తే నాకు మరింత బాధ కలిగించే విషయం ఒకటుంది. పెళ్ళికూతురి అమ్మమ్మను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, కిటికీ వెలుతురులో ఫొటో తీస్తున్నారనుకోండి. ఆవిడ మొదట బిగుసుకుని కూర్చుంటుంది, మాటల్లో పెడితే నెమ్మదిగా సడలుతుంది. అప్పుడు ఒక ఫ్రేము తీసి ఫొటోగ్రాఫర్ కిందికి చూస్తాడు. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తక్కువైందని నొసలు చిట్లిస్తాడు. అతను చూస్తున్నది అంకెలను. ఆవిడ చూస్తున్నది అతని నొసలును. తన ముఖం బాగా రాలేదేమోనని చేయి కొంగు మీదికి పోతుంది, జుట్టు సవరించుకుంటుంది, పెదవులు దగ్గరపడతాయి. అతను తల ఎత్తేసరికి ఎదుట ఉన్నది ఫొటో తీయించుకుంటున్న మనిషి, ఇందాక కబుర్లు చెప్పిన అమ్మమ్మ ఎటో వెళ్ళిపోయింది. వెలుతురు ముందే చూసుకుని ఉంటే, ఆవిడతో "మీ పెళ్ళి ఏ ఊళ్ళో జరిగింది అమ్మమ్మా?" అని అడుగుతూ పది ఫ్రేములు తీయవచ్చు. తీయడం ముగిశాక ఆవిడ పక్కన కూర్చుని అన్నీ చూపించవచ్చు. అలా చూపించడం నాకు ఎంతో ఇష్టం, ఆవిడకు ఇవ్వవలసిన గౌరవం కూడా అదేనని నా ఉద్దేశం.

అప్పటికప్పుడు ఇచ్చే తీర్పు తప్పుగా ఉండే అవకాశం ఎక్కువని ఫొటోగ్రఫీ చరిత్ర పదేపదే చూపించింది. 1945 ఫిబ్రవరి 23న ఇవో జిమా దీవిలో జెండా ఎత్తుతున్న అమెరికన్ సైనికులను తీసిన జో రోసెంతాల్, ఆ ఫ్రేము ఎలా వచ్చిందో తెలియకుండానే ఫిల్మ్‌ను గువామ్‌కు పంపాడు. అతను చూడకముందే అది పత్రికల మొదటి పేజీలకెక్కింది. చేతికేదో ఒకటి ఉండాలని అదే చోట సైనికులను వరుసగా నిలబెట్టి తీసిన గ్రూప్ ఫొటోను ఇప్పుడు తలచుకునేవారు తక్కువ. 1948 జనవరి 30 రాత్రి బిర్లా హౌస్ గేటు దగ్గర నెహ్రూ గాంధీజీ మరణవార్త చెబుతుండగా ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే-బ్రెసాన్ తీసిన చిత్రం చాలినంత వెలుతురు లేక మసకబారి, కదిలి ఉంటుంది. స్క్రీన్‌లో చూసుకునేవాడి చేతిలో అది నిలిచేదా అని నాకు సందేహం. న్యూయార్క్ వీధులను తీసిన గ్యారీ వినోగ్రాండ్ తీసిన రోజు ఉత్సాహం చల్లారాలని రీళ్ళను కావాలనే ఏడాది, అంతకంటే ఎక్కువ కాలం కడగకుండా ఉంచేవాడు. 1984లో చనిపోయేనాటికి కడగనివే దాదాపు 2,500 రీళ్ళు మిగిలాయి. అంత దూరం మనం వెళ్ళనక్కర్లేదు, కస్టమరు ఆల్బమ్ కోసం ఎదురుచూస్తుంటాడు. కానీ మండపంలోనే డిలీట్ బటన్ నొక్కడం మానడానికి ఈ ఉదాహరణలు చాలు. అక్షతలు అడ్డొచ్చి సగం కప్పేసిన ముఖం ఆ పూట చెడిపోయిన ఫొటో. ఇంటికి వెళ్ళి పెద్ద మానిటర్ మీద చూస్తే, ఆ పెళ్ళి సందడంతా అందులోనే ఉండవచ్చు.

ఇంత రాశాక ఎదురయ్యే అభ్యంతరాలు నాకు తెలుసు. వార్తలు, క్రీడలు తీసేవాళ్ళు చూడక తప్పదు, డెస్కుకు నిమిషాల్లో ఫొటో పంపాలి. నిజమే. వాళ్ళలో నేర్పరులను గమనించండి: ఓవరు మధ్యలో తల దించరు, ఓవరు ముగిసి ఫీల్డింగ్ మారుతున్నప్పుడు గబగబా వెనక్కి తిప్పి, పంపవలసిన ఫ్రేములకు గుర్తు పెట్టి మళ్ళీ కన్ను ఆనిస్తారు. ఆ క్రమశిక్షణే పెళ్ళిలోనూ కావాలంటున్నాను.

రెండో అభ్యంతరం బరువైనది. కుర్రవాడు చూడకుండా తీసి, తీరా ఏదో లోపం బయటపడితే, ఆ ఇంటివాళ్ళకు జవాబు చెప్పేదెవరు? ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పెళ్ళి మళ్ళీ జరగదు, చాలా కుటుంబాలు అప్పు చేసి మరీ ఫొటోలకు ఖర్చుపెడతాయి. అయితే ఆ భయానికి మందు రెండు కార్డుల స్లాట్లున్న కెమెరా, ప్రతి ఫ్రేమును రెండింటిలోనూ రాసే సెట్టింగ్, ముహూర్తానికి ముందు చేసే వెలుతురు పరీక్ష, ముఖ్యమైన ఘట్టాలకు వేరే కోణంలో నిలబడ్డ రెండో ఫొటోగ్రాఫర్. తల వంచి చూసుకోవడం వల్ల మనసుకు కాస్త ఊరట దొరకవచ్చు, పోయిన ఫ్రేము మాత్రం తిరిగి రాదు. పెళ్ళివారు కూడా ఈ విషయంలో సాయపడాలి. "ఏదీ, ఎలా వచ్చింది? చూపించు బాబూ" అని మేనమామ వేదిక మీదే కెమెరా వైపు వంగితే, వయసులో చిన్నవాడైన ఫొటోగ్రాఫర్ కాదనలేడు. ఆ అరనిమిషం ఎవరి ఫొటోలలో నుంచి తగ్గుతుందో మేనమామకు తెలియదు, తెలిస్తే అడగడు.

అసలు స్క్రీనే లేని డిజిటల్ కెమెరాలు కూడా వచ్చాయి. లైకా 2014లో ఎమ్ ఎడిషన్ 60 పేరుతో 600 కెమెరాలు చేసింది, 2016లో ఎమ్-డీ తెచ్చింది. స్క్రీన్ ఉండవలసిన చోట ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) మార్చే చక్రం మాత్రం ఉంటుంది. 2019లో ఫుజిఫిల్మ్ ఎక్స్-ప్రో3 స్క్రీన్‌ను లోపలి వైపు మడిచి, కావాలంటే కిందికి తెరిచి చూసుకునేలా చేసింది. వాటి వెనుక ఉద్దేశం నాకు నచ్చుతుంది గానీ, పెళ్ళి పనికి వాటిని నేను సిఫారసు చేయను. తువాలు పరీక్ష, చారల పరీక్ష, గ్రూప్ ఫొటోలో ముఖాల లెక్క, ఇవన్నీ స్క్రీన్ లేకుండా ఎలా చేస్తాం?

ఇప్పుడు కొనేవి ఎక్కువగా మిర్రర్‌లెస్ కెమెరాలు (లోపల అద్దం లేకుండా, వ్యూఫైండర్‌లో చిన్న తెర మీద దృశ్యాన్ని చూపేవి) కాబట్టి చివరగా ఒక్క సెట్టింగ్ గురించి చెప్పాలి. వీటిలో ఎక్స్‌పోజర్ ఎలా ఉండబోతోందో షట్టర్ నొక్కకముందే వ్యూఫైండర్‌లో కనిపిస్తుంది, కాబట్టి తీసిన తరువాత చూసుకోవలసిన కారణాల్లో పెద్దది ఇప్పటికే పోయింది. ఫ్లాష్ వెలుగు ఒక్కటే ముందుగా కనిపించదు, దానికి పరీక్ష ఫ్రేము కావలసిందే. కానీ ఈ కెమెరాలలో ఇమేజ్ రివ్యూ, అంటే తీసిన ఫొటోను వెంటనే చూపే సెట్టింగ్, ఆన్‌లో ఉంటే, తీసిన ఫొటో రెండు సెకన్లపాటు కంటి దగ్గరి వ్యూఫైండర్‌లోనే వచ్చి నిలబడవచ్చు. తల వంచకపోయినా ఎదురుగా ఉన్న మనుషుల స్థానంలో ఇందాకటి వాళ్ళ బొమ్మే కనిపిస్తుంది, అక్షతలు పడే సమయానికి కన్ను మూసినట్టే అవుతుంది. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ కెమెరా తీసుకుని మొట్టమొదట నేను చేసేది మెనూలోకి వెళ్ళి ఆ రివ్యూను ఆఫ్ చేయడం. ప్లేబ్యాక్ బటన్ జోలికి వెళ్ళను, అది ఎప్పుడు నొక్కాలో రెండు మూడు పెళ్ళిళ్ళు పక్కన నిలబడి తీస్తే వాళ్ళకే తెలుస్తుంది.